అయిదు డాలర్ల ఓడ

నల్లజాతి ఉద్యమాలనగానే మనకు మార్టిన్ లూథర్ కింగ్ గుర్తుకొస్తాడు, ఆ వెనుకే మాల్కం ఎక్స్. ఆ మాల్కం తల్లిదండ్రులు ఎవరి అనుచరులో చెప్పేవారు తక్కువ. ఆయన పేరు మార్కస్ గార్వీ.

1887లో జమైకాలో జన్మించిన గార్వీ అచ్చుపని నేర్చినవాడు. 1914లో అక్కడే యూనివర్సల్ నీగ్రో ఇంప్రూవ్‌మెంట్ అసోసియేషన్ స్థాపించి, 1916లో అమెరికా చేరాడు. (పేరులోని ఆ మాట నేడు వాడరాదు గాని, ఆనాడు వారు గౌరవంగానే పెట్టుకున్నది.) మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా పక్షాన పోరాడి వచ్చిన నల్ల సైనికులకు 1919లో స్వదేశంలో ఎదురైనవి జాతి అల్లర్లు. తెల్లవారిని సమానత్వం అడుగుతూ కూర్చోవడం వృథా, మనకు సొంత వర్తకం, సొంత పత్రిక, ఆఫ్రికాలో సొంత రాజ్యం కావాలి అన్న గార్వీ మాట హార్లెం వీధుల్లో నాటుకున్నది అప్పుడే.

ఆ ఏడే బ్లాక్ స్టార్ లైన్ అనే ఓడల కంపెనీ పుట్టింది. వాటా 5 డాలర్లు. కొన్నవారిలో అధికులు రెక్కాడితే గాని డొక్కాడని జనం. ఆ సొమ్ముతో మొదట కొన్నది యార్మత్. వెల 1,65,000 డాలర్లు. గార్వీ పుట్టిన సంవత్సరమే తయారైన ఆ ముసలి ఓడకు అది మితిమీరిన ధర. నల్లవారి ఓడను నల్లవారు కళ్లారా చూడాలని దాన్ని రేవురేవునా ఆపించారు. ఈలోగా లోపలి కొబ్బరికాయలు కుళ్లిపోయాయి. వర్తకుని లెక్కలో ఇది తెలివితక్కువతనం. రేవులో నిలబడి చూసినవారి లెక్క వేరు.

1922లో కంపెనీ మూతబడింది. వాటాదారుల సొమ్ము మునిగింది. తమది కాని ఓడ బొమ్మను తమదిగా ప్రచారపత్రంలో అచ్చువేశారు. తపాలా ద్వారా మోసం చేశాడని 1923లో గార్వీకి అయిదేళ్ల శిక్ష పడింది. ఆయనను దేశం నుంచి వెళ్లగొట్టే దారికోసం హూవర్ 1919 నుంచే వెతుకుతున్నాడన్నదీ రికార్డుల్లో ఉన్నదే. నా మటుకు గార్వీ చేతకాని వ్యాపారి, మోసగాడు కాడు. అయితే 1922లోనే కూ క్లక్స్ క్లాన్ నాయకుడితో మంతనాలాడటాన్ని మాత్రం ఏ వాదమూ సమర్థించలేదు. డుబాయిస్ వంటివారి ఆగ్రహం న్యాయమే.

1927లో శిక్ష తగ్గించి దేశం దాటించారు. 1940లో లండన్‌లో మరణించాడు, ఆఫ్రికా నేలపై ఒక్కసారీ కాలుమోపకుండానే. 1957లో స్వతంత్ర ఘనా తన జెండాలో నల్లనక్షత్రం నిలుపుకుంది. ప్రభుత్వ ఓడల కంపెనీకి పెట్టిన పేరూ బ్లాక్ స్టార్ లైనే. అమెరికా క్షమాభిక్ష మాత్రం 2025 జనవరి 19న, బైడెన్ పదవి దిగే ముందురోజు వచ్చింది.