కారు యాంప్లిఫయరు

కారు స్టీరియో నుండి వచ్చే ధ్వని సంకేతాన్ని బలపరచి స్పీకర్లకు అందించే పరికరం కారు యాంప్లిఫయరు. కారుతోపాటు వచ్చిన స్టీరియోకు దీనిని జతచేసినప్పుడు కొన్ని ధ్వని దోషాలు తలెత్తవచ్చు.

దోషాలు, కారణాలు

* ఇంజను వేగంతో హెచ్చే కీచుధ్వని: స్టీరియో, యాంప్లిఫయరు వేర్వేరు చోట్ల ఎర్త్ అయినందున ఆల్టర్నేటరు రొద సంకేతంలో కలియును.
* పగిలిన ధ్వని: స్టీరియో స్పీకరు తీగలను కన్వర్టరు లేకుండా ఆర్‌సీఏ ఇన్‌పుట్‌కు కలపడం.
* బాస్ తగ్గడం: ఒక స్పీకరుకు ప్లస్, మైనస్ తీగలు తారుమారు కావడం.

పరీక్ష

ఆర్‌సీఏ తీగలను యాంప్లిఫయరు నుండి ఊడదీయాలి. రొద ఆగితే లోపం సంకేత మార్గంలోనో, ఎర్త్ తేడాలోనో ఉన్నట్లు. ఆగకపోతే యాంప్లిఫయరును, దాని విద్యుత్, స్పీకరు తీగలను పరిశీలించాలి.

జాగ్రత్తలు

ఎర్త్ తీగను పొట్టిగా ఉంచి, రంగు గీకిన లోహానికి బిగించాలి. స్టీరియో స్పీకరు మైనస్ తీగను కారు బాడీకి కలుపరాదు. బ్రిడ్జి తరహా స్టీరియో కాలిపోవచ్చు. బ్యాటరీ తీగకు బ్యాటరీ చెంతనే ఫ్యూజు ఉండాలి. లేనిచో తీగ షార్టయినప్పుడు మంటలు రేగవచ్చు.