ఉపాధ్యాయ పట్టము – పాఠక్రమము

చదువు చెప్పుటకు వేరుగా చదువవలెనా యను ప్రశ్న మన దేశమున చిరకాలము వినబడినదే. శాస్త్రము తెలిసినవాడు శాస్త్రము చెప్పగలడని పండితులు తలచిరి. పట్టము పొందినవాడు పాఠము చెప్పగలడని దొరలు తలచిరి. రెండు తలపులును పసిపిల్లల తరగతిలో నిలువలేదు.

చెన్నపట్టణమున 1856లో సర్కారు నార్మల్ స్కూలు వెలసెను. అదియే పిమ్మట సైదాపేట ఉపాధ్యాయ కళాశాలయై తెలుగువారికిని తమిళులకును ప్రసిద్ధమయ్యెను. అచట శిక్షణ పొందిన పట్టభద్రుల కిచ్చెడి యెల్.టి. యను బిరుదునకు, బోధించుటకు అనుమతి పొందినవాడని మాత్రమే యర్థము. న్యాయవాదికి పట్టముండగా ఉపాధ్యాయునకు అనుమతితో సరిపుచ్చిరి. 1904లో కర్జను ప్రభుత్వము ప్రకటించిన విద్యావిధానమున, పట్టభద్రుల శిక్షణ యొక సంవత్సర ముండవలెననియు, శిక్షణ కళాశాలకు అభ్యాస పాఠశాల యనుబంధముగ నుండవలెననియు చెప్పబడినది. నా దృష్టిలో రెండవ మాటయే విలువైనది. కాని గడువు పాటించుట సులభము. ఆ యేడాది గడువు బి.ఇడి.కి 2015 వరకును నిలిచినది.

1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయము 1932లో బి.ఇడి. యను క్రొత్త పట్టమును నెలకొల్పెను. అప్పటి వైస్ ఛాన్సలరు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. వారును యౌవనమున సైదాపేటలో శిక్షణ పొందినవారే. 1936లో బొంబాయి విశ్వవిద్యాలయము యం.ఇడి. ఆరంభించెను. ఇట్లు అనుమతి పట్టమయ్యెను; విద్య తక్కిన శాస్త్రముల పంక్తిలో కూర్చుండెను. గౌరవము పెరిగిన మాట నిజమే. దానితోపాటు పుస్తకములును పెరిగినవి. పిల్లలు కొంత వెనుకకు జరిగిరి.

విద్యాపరిశోధన యెచట పుట్టునో తెలియుటకు మన చరిత్రలోనే యొక నిదర్శనమున్నది. 1907 ప్రాంతమున ఉత్తర సర్కారులలో పాఠశాలలు తనిఖీ చేసిన యేట్సు దొరకు, బడిలో తెలుగు నేర్పు తీరు చూచి సందేహము కలిగెను: పుస్తకములలోని తెలుగునకును జనుల నోటి తెలుగునకును ఇంత భేదమేల? పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తి పంతులుగా రీ ప్రశ్నను తలకెత్తుకొనిరి. అందుండి పెరిగినదే వ్యావహారిక భాషోద్యమము. గ్రాంథికమున వ్రాయుచు నేనీ మాట చెప్పుట పాఠకులకు నవ్వు పుట్టింపవచ్చును, పుట్టింపనిండు. తనిఖీదారుని యొక్క సందేహము మన వచనమునే మార్చినది గదా!

2014 నాటి జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి నిబంధనలచే యం.ఇడి. రెండేండ్ల చదువైనది. తత్త్వము, మనశ్శాస్త్రము, సమాజశాస్త్రము, పరిశోధన పద్ధతులు, క్షేత్రానుభవము, పరిశోధన వ్యాసము – అన్నియు నందున్నవి. తుర్కయంజాల్‌లో పాఠములు చెప్పు ఉపాధ్యాయిని ఉస్మానియాలో నీ చదువు చదువదలచినచో, ఎల్బీనగరు, దిల్‌సుఖ్‌నగరు దాటి రాకపోకలు సాగింపవలెను. సెలవు, జీతము, ఇంట పిల్లలు – అన్నిటి లెక్కయు ముందే చూచుకొనవలెను. ఇంత వ్యయపడి తెచ్చుకొను పట్టము జీతపు శ్రేణికి మాత్రమే పనికివచ్చిన నష్టము కాదా?

పరిశోధన విషయమును కడపటి ఆరునెలలకు విడిచి, అప్పుడు సిద్ధముగ దొరకిన ప్రశ్నావళితో పని ముగించుట తరచుగ జరుగుచున్నది. ఆ వరుసను తలక్రిందులు చేయవలెనని నా యభిప్రాయము. చేరక పూర్వమే తన తరగతినుండి యొక ప్రశ్నను ఎన్నుకొని, తక్కిన పాఠములను దానిచుట్టు అమర్చుకొనవలెను. మా ప్రాంతమున ఇండ్లు కట్టుటకు వచ్చిన కూలీల బిడ్డలు ఇంట నొక భాష, వీధిలో తెలుగు మాటలాడుదురు; 2022-23 నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్లమాధ్యమము ప్రవేశించుటచే పుస్తకమున మూడవది యెదురగును. ఏ భాషలో చెప్పిన లెక్క ఆ బిడ్డకు ముందుగ తెలియును? ఈ ప్రశ్న చేతనుంచుకొన్నవారికి మనశ్శాస్త్రమున ఏ యధ్యాయము శ్రద్ధగ చదువవలెనో వేరుగ చెప్పనక్కరలేదు. సమాజశాస్త్రము ఆ గుడిసెలకడ కానవచ్చును. గణాంకములకు హాజరుపట్టీయే చాలును: పనులు ముగిసి స్వగ్రామములకు పోయిన పిల్లలెందరు, ఎన్నాళ్లకు మరలి వచ్చిరి, వచ్చినవారు ఏ పాఠమున వెనుకబడిరి – ఇవి లెక్కింప మొదలిడినచో సగటు, విచలనము అను మాటలకు నిఘంటువు వెదకనక్కరలేదు.