ముందు గేజి, తర్వాతే అందం: ఆటబల్ల మీది ఊళ్ళ చరిత్ర



సంక్రాంతికి ఊరు వచ్చే పిల్లల కోసం హాల్లో ఒక ఆటబల్ల ఏర్పాటు చేద్దామన్న మాట మన మధ్య నడుస్తోంది. వాళ్ళు ఆడేది క్యారమ్స్ కాదు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర వేస్తారు, గెలుపోటములు పాచికలు తేలుస్తాయి. వీటిని రోల్ ప్లేయింగ్ ఆటలంటారు. పాత్రల బొమ్మలు నిలబడడానికి బల్ల మీద చిన్న గోడలు, మెట్లు, వంతెనలు కావాలి. ఈ సామానుకే టెర్రెయిన్ అని పేరు. విడదీసి మరో ఊరుగా కూర్చుకోగలిగితే మాడ్యులర్ టెర్రెయిన్. ఫొటోలో బాగుంటుందని ఒకే ముక్కగా చేసిన పెద్ద కోట కొందామని కొందరంటున్నారు. ఖర్చయ్యేది అందరి చందా కాబట్టి, ముందు ఈ వస్తువు చరిత్ర చెప్పుకుందాం.

బల్ల మీద ఊరు కట్టడం మనకు కొత్త కాదు. మేము తమిళ మీడియంలో చదువుకున్నవాళ్ళం. నవరాత్రికి తమిళ స్నేహితుల ఇళ్ళలో కొలు చూసేవాళ్ళం, సంక్రాంతికి మనవాళ్ళ ఇళ్ళలో బొమ్మల కొలువు చూసేవాళ్ళం. రెండింటికీ మెట్లు బేసి సంఖ్యలోనే ఉండాలి: మూడు, అయిదు, ఏడు, తొమ్మిది. మెట్ల ముందు ఇసుక పోసి, పళ్ళెంలో ఆవాలు మొలకెత్తించి పొలం చేస్తారు. అద్దం పెడితే చెరువు. తెల్లపొణికి కర్రతో చేసిన కొండపల్లి ఎడ్లబండి, తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడు ఆ పొలం గట్టు మీదకు చేరతారు. పండగ కాగానే అన్నీ పాత గుడ్డల్లో చుట్టి ట్రంకు పెట్టెలోకి. మరుసటి ఏడు అవే బొమ్మలు, కానీ ఊరు వేరు. తరాల తరబడి కొలువు నిలిచిందంటే, విడదీసి దాచుకోగలగడం అందుకు ఒక కారణం.

కొలువులో మాత్రం కొలత పట్టింపు లేదు. శెట్టిగారు ఏనుగు కంటే పెద్దగా ఉన్నా ఎవరూ అడగరు. ఆటలో అలా కుదరదు. ఒక వీరుడు ఎన్ని అడుగులు నడవగలడు, బాణం ఎంత దూరం పోతుంది అన్నది లెక్క. ఆ లెక్క మన దేశంలో పుట్టిన చదరంగం గళ్ళతోనే మొదలైంది. 1780లో జర్మనీలోని బ్రున్స్‌విక్‌లో హెల్విగ్ అనే పండితుడు చదరంగాన్ని పెంచి, గళ్ళకు రంగులు వేసి కొండ, నీరు, బురదనేల అని చూపించాడు.

1812లో ప్రష్యాలో రైస్విట్జ్ అనే ఉద్యోగి ఇంకో అడుగు వేశాడు. తన యుద్ధక్రీడను మొదట ఇసుక పోసిన బల్ల మీద ఆడించాడు. రాజు మూడో ఫ్రెడరిక్ విలియమ్ చూస్తానన్నాక, రాజుగారి ముందు ఇసుక బాగుండదని ప్రత్యేకంగా ఒక బల్ల చేయించాడు. నది, రోడ్డు, ఊరు, అడవి, అన్నీ రంగులు వేసిన చదరపు పలకలే. ఎలా కావాలంటే అలా పేర్చుకోవచ్చు. నేటి మాడ్యులర్ టెర్రెయిన్‌కు పెద్దతాత ఆ బల్లే. ఆయన కొడుకు 1824లో పలకలు వదిలేసి, 1:8000 స్కేలు మ్యాపుల మీదకు ఆటను మార్చాడు. మ్యాపును చుట్టి సంచిలో పెట్టుకోవచ్చు. సైన్యం దాన్ని తీసుకుంది. అందమైన బల్ల రాజమందిరంలో ఉండిపోయింది. మోయడానికి, దాచడానికి వీలైనదే పదిమందికీ చేరుతుందని అప్పుడే తేలింది.

రైల్వేలో గుమాస్తాగిరీ చేసినవాళ్ళం కాబట్టి తర్వాతి మెట్టు మాకు బాగా నచ్చుతుంది. 1891లో లైప్‌జిగ్ సంతలో మెర్క్లిన్ కంపెనీ బొమ్మ రైళ్ళకు నిర్ణీత గేజిలు పెట్టి, ముక్కలుగా కలుపుకునే పట్టాలు చూపించింది. ఈ ఏడు ఇంజను, పై ఏడు నాలుగు పట్టాలు, ఆ పై ఏడు స్టేషన్. అన్నీ కలుస్తాయి. గేజి కలవకపోతే ఏమవుతుందో అసలు రైళ్ళే చెబుతాయి. బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు, మీటరుగేజి 1000. రెండూ కలిసే స్టేషన్లో ప్రతి బస్తా దించి మళ్ళీ ఎక్కించాల్సిందే. గేజి ఒకటైతే ఊడదీసిన పట్టా మళ్ళీ పనికొస్తుంది. మన పక్కనే కాకినాడ–కోటిపల్లి లైను చూడండి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పట్టాలు పీకేశారు, 2004లో మళ్ళీ రైలు నడిచింది.

1974లో అమెరికాలో గైగాక్స్, ఆర్నెసన్ అనే ఇద్దరు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట తెచ్చారు. దూరాలన్నీ అంగుళాల్లోనే. ఇప్పటి వాడుకలో అంగుళం గడి అంటే అయిదడుగుల నేల. 1996లో మొదలైన డ్వార్వెన్ ఫోర్జ్ రెజిన్‌తో పోతపోసి, రంగులు వేసిన రాతి గదులు ముక్కలుగా అమ్మింది. ఇప్పుడు త్రీడీ ప్రింటర్ ఉన్న ఎవరైనా ఇంట్లోనే చేసుకుంటున్నారు.

ఇక మన కొనుగోలు. మొదటిది గేజి: అంగుళం గడి, పలక రెండంగుళాలు. పలక మందం కూడా అడగాలి. రెండు కంపెనీల పలకలు కలిపితే ఒకటి ఎత్తు, ఒకటి పల్లమై బొమ్మలు పడిపోతాయి. రెండోది లెక్క: రెండడుగుల చదరం మొత్తం కప్పాలంటే 144 పలకలు కావాలి. అంత అక్కర్లేదు. గళ్ళు గీసిన గుడ్డ పరిచి, గోడలూ మెట్లూ ఉన్నచోటే పలకలు పెడితే ముప్ఫైతో సరిపోతుంది. మూడోది మన వాతావరణం. గోదావరి తేమకు అట్ట, ఎమ్‌డీఎఫ్ ఉబ్బుతాయి. ప్రింటర్లో వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ ఎండలో ఆపిన కారులో మెత్తబడి వంగుతుంది. థర్మోకోల్ మీద స్ప్రే రంగు కొడితే కరిగిపోతుంది, బ్రష్‌తో నీటిరంగే వేయాలి. నాలుగోది అతుకు: చిన్నపిల్లల చేతులు తగిలినా కదలకుండా క్లిప్పు ఉన్నవి మేలు.

అయిదోది మా కోరిక. నది పలకల్లో చీలిక పలక ఒకటి తప్పకుండా ఉండాలి. గౌతమి నుంచి కోరంగి పాయ విడిపోయే చోటే మన యానాం. ఆ ఒక్క ముక్క ఉంటే పిల్లలు రాక్షసుల గుహతో పాటు మన రేవు, మడ అడవులు, 1954 నాటి ఫ్రెంచి యానాం కూడా కట్టుకోగలరు. అక్కడ ఎవరి ఇల్లు ఎక్కడుండేదో చెప్పడానికి పెద్దవాళ్ళం పక్కన కూర్చోవాల్సి వస్తుంది. ఏడాదికి నాలుగు రోజులు వచ్చే పిల్లలతో మనకు మాటలు కరువవుతున్నాయని బాధపడుతున్నాం కదా, ఆ బల్ల దగ్గర మాట దొరుకుతుంది.

పెద్ద కోట మొదటి పండగకు బాగుంటుంది. రెండో పండగకు అదే కోట, మూడో పండగకు అటక మీద దుమ్ము. అందుకని ఈసారికి ఒకే గేజి చిన్న సెట్టు, ఒక ట్రంకు పెట్టె చాలన్నది మా అభిప్రాయం. పై ఏడు మిగిలిన డబ్బుతో కొత్త ముక్కలు చేర్చుకోవచ్చు. సమావేశంలో కలుద్దాం.