నయంకాని రోగి ఎవరి బాధ్యత?

రోగం కుదరదని తేలిన తరువాత రోగి ఎవరి బాధ్యత? ఇస్లామీయ వైద్య చరిత్రలో ఈ ప్రశ్నకు రెండు సమాధానాలు లభిస్తాయి. ఒకటి వైద్యులది, రెండవది వక్ఫ్ కర్తలది.

ఖుర్తుబా ప్రాంతపు శస్త్రవైద్యుడు అబుల్ ఖాసిం జహ్రావీ (మరణం సుమారు క్రీ.శ. 1013) 'అత్తస్రీఫ్' గ్రంథంలో 'సరతాన్', అనగా క్యాన్సర్, గురించి వ్రాశాడు. కణితి చిన్నదై, పూర్తిగా కోసి తీయడానికి వీలైన చోట ఉంటేనే కత్తి పట్టాలన్నాడు. ముదిరినదాన్ని తాను నయం చేయలేకపోయాననీ, చేసినవారిని చూడలేదనీ దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. అతని తరువాతి తరంవాడైన ఇబ్నె సీనా (980–1037) స్పర్శజ్ఞానాన్ని మందగింపజేసి బాధను అణచే మందులలో నల్లమందు అన్నిటికంటె బలమైనదని పేర్కొన్నాడు. అయితే అది బాధను అణచునే గాని రోగమూలాన్ని తీయదని కూడా ఆ వైద్యులెరుగుదురు.

వైద్యుని విద్య ఆగిన చోట వక్ఫ్ ఆగలేదు. సుల్తాన్ ఖలావూన్ తాను పాలకుడు కాకమునుపు డమాస్కస్‌లోని నూరీ బీమారిస్తాన్ మందులతో కోలుకొని, అటువంటిదే కట్టిస్తానని మొక్కుకున్నట్లు చరిత్రకారులు వ్రాశారు. క్రీ.శ. 1284లో (హి. 683) కైరోలో ఆయన నిర్మాణం ప్రారంభింపజేసిన మన్సూరీ బీమారిస్తాన్ స్త్రీపురుషులకూ, ధనిక పేదలకూ, పరదేశులకూ తెరచి ఉండేది. ఇల్లు కదలలేని పేద రోగులకు మందులు, ఆహారం ఇంటికే పంపేవారు. మరణించినవారి గుస్ల్, కఫన్, ఖననముల ఖర్చును వక్ఫ్ భరించేది. దీనిని నేటి అర్థంలో మరణాసన్న రోగుల ఆశ్రమమని అనరాదు. కాని బ్రతకడని తెలిసినవాడిని కూడా ఆదుకొనడం సమాజధర్మమన్న భావం ఇందులో స్పష్టంగా ఉంది.

ఆధునిక కాలంలో ఈ సేవకు శాస్త్రీయ రూపమిచ్చినది సిసిలీ సాండర్స్. ఆమె 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టోఫర్స్ ఆశ్రమాన్ని స్థాపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్‌తో సహా మెట్లవారీ చికిత్సావిధానాన్ని ప్రకటించింది. అయితే భారతదేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం మార్ఫిన్‌ను రోగులకు దూరం చేసింది. 2014లో గాని ఆ చట్టాన్ని సడలించలేదు. కేరళలోని కాలికట్‌లో 1993లో ఆరంభమైన ఉపశమన సేవ క్రమంగా ఇరుగుపొరుగువారే నడిపే ఉద్యమమైంది.

మత్తుమందు హరామ్ అన్న భయంతో కొన్ని కుటుంబాలు మార్ఫిన్‌కు వెనుకాడుతాయి. అవసరమున్నప్పుడు, వైద్యుడు నిర్ణయించిన మేరకు అది ధర్మసమ్మతమేనని అధికసంఖ్యాక ఫుఖహా అభిప్రాయం. రోగిని పరామర్శించడం ముస్లింపై ముస్లింకు గల హక్కు. పరామర్శకు వచ్చినవారు బాధతో మెలికలు తిరిగే రోగికి సహనం బోధించి వెళ్ళిపోతే ఆ హక్కు తీరినట్లేనా? ఖలావూన్ వక్ఫ్ ఈ ప్రశ్నకు ఏడు శతాబ్దాల క్రితమే మందుతో, అన్నంతో, చివరకు కఫన్‌తో జవాబిచ్చింది.