నిర్బంధ మోటారు బీమా – జాగ్రత్తకు దక్కని రాయితీ: ఉత్తర తెలంగాణ నేపథ్యం

మోటారు వాహనాల చట్టం 1939లో వచ్చినా, అందులోని నిర్బంధ బీమా నిబంధనలు బ్రిటిష్ ఇండియాలో 1946 జూలై 1 నుంచి అమలయ్యాయి. అప్పటికి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు నిజాం రాజ్యంలోనివి. రోడ్డుపై గాయపడిన మూడో వ్యక్తికి పరిహారం అందించడమే ఈ నిబంధనల లక్ష్యం. 1988 చట్టమూ ఈ సూత్రాన్నే కొనసాగించింది.

2002 నాటి మోటారు టారిఫ్ కార్ల సొంత నష్టం బీమాకు హైదరాబాద్‌ను ‘ఎ’ మండలంలోనూ, ఈ రెండు జిల్లాలను ‘బి’ మండలంలోనూ చేర్చింది. 2007లో సొంత నష్టం ధరలపై నియంత్రణ తొలగింది. థర్డ్ పార్టీ ప్రీమియం మాత్రం నియంత్రణలోనే మిగిలింది. అది ఇంజన్ సామర్థ్యాన్ని బట్టి దేశమంతటా ఒకటే. వెయ్యి సీసీ లోపు కారుకు 2018లో 1,850 రూపాయలున్న ఈ ప్రీమియం 2022 నాటికి 2,094 రూపాయలయింది.

క్లెయిమ్ లేని ఏళ్లకు 20 నుంచి 50 శాతం వరకు లభించే నో క్లెయిమ్ బోనస్ సొంత నష్టం భాగానికే పరిమితం. కారు పాతబడేకొద్దీ దాని విలువతోపాటు ఈ భాగమూ తగ్గుతుంది. థర్డ్ పార్టీ భాగం తగ్గదు. అందువల్ల ఆదిలాబాద్‌లో ఏళ్ల తరబడి ప్రమాదమెరుగక పాత కారు నడిపేవారికి జాగ్రత్త వల్ల మిగిలేది క్రమంగా స్వల్పమవుతుంది. బాధితుని హక్కుకు భంగం కలగకుండా, థర్డ్ పార్టీ ప్రీమియంలోనూ చోదకుని పూర్వవర్తనను లెక్కించవలసిన అవసరాన్ని ఈ చరిత్ర సూచిస్తున్నది.