హెడ్ గాస్కెట్

హెడ్ గాస్కెట్ అనేది మోటారు వాహనాల ఇంజనులో సిలిండరు బ్లాకుకు, దానిపై బిగించే సిలిండరు హెడ్డుకు మధ్య అమర్చే పలుచని పొర. సిలిండరులో మండే వాయువులు, ఇంజనును చల్లబరచే నీరు, ఆయిలు ఒకదానితో ఒకటి కలవకుండా ఆపడం దీని పని. ఈ పొర కాలినా, చిట్లినా "గాస్కెట్ పోయింది" అంటారు. గాస్కెట్ ఖరీదు తక్కువే గాని, మార్చడానికి ఇంజను పైభాగమంతా విప్పవలసి ఉంటుంది. నిర్లక్ష్యం చేస్తే ఇంజనే పనికిరాకుండా పోతుంది.

పాడవడానికి కారణాలు

ఇంజను మితిమీరి వేడెక్కడం ప్రధాన కారణం. విజయవాడలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దాటిన సందర్భాలున్నాయి. దీనికి నీటి సమస్య తోడవుతుంది. కృష్ణా డెల్టాలో దివిసీమ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాలలో భూగర్భ జలం చాలాచోట్ల ఉప్పగా ఉంటుంది. అటువంటి నీటిని రేడియేటరులో పోస్తే లోపల తుప్పు పట్టి, తెల్లని పెచ్చు కట్టి నీటి దారులు పూడుకుపోతాయి. కాలువ నీటితో ఒండ్రు చేరుతుంది. కూలెంటు కలిపిన శుద్ధజలమే వాడదగినది.

హెడ్డు లోహాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. 1489 సి.సి. పెట్రోలు అంబాసిడరు హెడ్డు పోత ఇనుముతో చేసినది. మారుతి 800 హెడ్డు అల్యూమినియముది. అల్యూమినియము ఇనుము కంటే ఎక్కువగా వ్యాకోచిస్తుంది కాబట్టి ఒక్కసారి నీరు లేకుండా నడిపినా వంగిపోవచ్చును. అంబాసిడరు ఉత్పత్తి, మారుతి 800 ఉత్పత్తి రెండూ 2014లో ఆగిపోయాయి.

గుర్తించడం

గాస్కెట్ ఎక్కడ తెగిందన్న దానిని బట్టి లక్షణాలు మారుతాయి. సిలిండరుకు, నీటి దారికి మధ్య తెగితే రేడియేటరులో బుడగలు వస్తాయి, కారణం లేకుండా నీరు తగ్గుతుంది, సైలెన్సరు నుండి తెల్లని ఆవిరి వస్తుంది. ధనుర్మాసపు తెల్లవారుజామున కొద్దిసేపు ఆవిరి రావడం సహజమే. మధ్యాహ్నపు ఎండలో, ఇంజను పూర్తిగా వేడెక్కిన తరువాత కూడా వస్తూంటే మాత్రం అనుమానించాలి. నీరు, ఆయిలు కలిస్తే డిప్‌స్టిక్కుపై పాలు కలిపిన కాఫీ రంగు నురగ కనిపిస్తుంది. పక్కపక్క సిలిండర్ల మధ్య తెగితే నీరు తగ్గదు, ఆయిలు చెడదు. ఇంజను బలం కోల్పోయి కొట్టుకుంటూ నడుస్తుంది. అందుచేత నురగ లేనంత మాత్రాన గాస్కెట్ బాగున్నదని అనుకోరాదు.

కంప్రెషన్ పరీక్షలో పక్కపక్కనున్న రెండు సిలిండర్లలో మాత్రమే పీడనం బాగా తక్కువగా ఉంటే లోపం దాదాపు గాస్కెట్‌దే. ఒక్క సిలిండరే తగ్గితే అందులో చెంచాడు ఆయిలు పోసి మరల చూస్తారు. పీడనం పెరిగితే పిస్టను రింగులు అరిగాయని, పెరగకపోతే వాల్వు గాని గాస్కెట్ గాని పాడయిందని అర్థం. బుడగల పరీక్షను చల్లని ఇంజనుతోనే ప్రారంభించాలి. వేడిగా ఉన్న రేడియేటరు మూత తీస్తే మరిగే నీరు ఎగజిమ్మి ముఖం, చేతులు కాలుతాయి. హెడ్డు దించేముందు రేడియేటరు, నీటి పంపు, ఫ్యాను, థర్మోస్టాట్ కూడా చూడాలి. వేడెక్కడానికి మూలకారణం అక్కడే ఉంటే కొత్త గాస్కెట్ కూడా త్వరలోనే పోతుంది. వేడి తగ్గుతుందని థర్మోస్టాట్‌ను తీసివేసే అలవాటు మంచిది కాదు.

మరమ్మత్తు

ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత బ్యాటరీ తీగ తొలగించి, నీరు దించి, పైభాగాలను విప్పుతారు. హెడ్డు నట్లను అంచుల నుండి మధ్యకు, కొద్దికొద్దిగా వదులు చేయాలి. అంబాసిడరులో రాకర్ షాఫ్టును పట్టి ఉంచే నట్లలో కొన్ని హెడ్డు నట్లే కాబట్టి రాకర్ తీయడానికి కూడా నీరు ముందే దించి, హెడ్డు నట్లన్నిటిని క్రమంగా వదలాలి. పుష్ రాడ్లను వరుస తప్పకుండా దాచాలి. మారుతి 800లో టైమింగ్ బెల్టు గుర్తులు సరిచూసుకోవాలి.

పాత గాస్కెట్లలో రాగి రేకుల మధ్య ఆస్బెస్టాస్ ఉండేది. దానిని పొడిగా గీకితే ఊపిరితిత్తులకు హాని చేసే నార గాలిలోకి లేస్తుంది కాబట్టి తడిపి తీయాలి.

తరువాతి దశ హెడ్డు చదునును చూడడం. చాలా చోట్ల ఎగవేసేది ఇదే. ఉక్కు బద్దను హెడ్డుపై నిలువుగా, అడ్డంగా, మూలమూలలకు ఉంచి ఫీలర్ గేజితో సందు కొలుస్తారు. చిన్న హెడ్లకు సాధారణంగా 0.05 మిల్లీమీటర్ల వరకే అనుమతిస్తారు. అంతకు మించితే ఫేసింగ్ చేయించాలి. పగుళ్ళకు పీడన పరీక్ష కూడా అవసరం. ఫేసింగ్‌లో ఎక్కువ లోహం తీస్తే కంప్రెషన్ నిష్పత్తి పెరిగి ఇంజను కొట్టుకోవచ్చును.

ఇటువంటి పనులకు విజయవాడలోని జవహర్ ఆటోనగర్ పేరుపొందింది. మెకానిక్కులు, లేత్ పనివారు, విడిభాగాల దుకాణాలు ఒకేచోట ఉండడం ఇక్కడి సౌలభ్యం. 2014లో విడుదలైన ఆటోనగర్ సూర్య చిత్రానికి ఈ ప్రాంతమే నేపథ్యం.

బిగించేటప్పుడు గాస్కెట్‌పై ఉన్న గుర్తు ప్రకారం పైవైపు పైకే ఉండాలి. బోల్టు రంధ్రాలలో ఆయిలు నిలిచి ఉంటే బిగింపు ఒత్తిడికి బ్లాకు పగలవచ్చును. టార్క్ రెంచితో మధ్య నుండి అంచులకు, రెండు మూడు విడతలుగా తయారీదారు చెప్పిన కొలతకు బిగించాలి. తరువాత వాల్వు క్లియరెన్సు సరిచేసి, ఆయిలు, ఫిల్టరు మార్చి, కూలెంటు నింపుతారు. పాత రకం గాస్కెట్లకు కొన్ని వందల కిలోమీటర్ల తరువాత మరొకసారి బిగింపు అవసరం. తీసిన కూలెంటు తియ్యగా ఉండే విషం. దానిని పశువులు, పిల్లలు ముట్టేచోట పారబోయరాదు.