కవిత, కథ, రైతు వార్త.. అన్నింటా సురవరం కలం

మల్యాల: వ్యవసాయ వార్త అనగానే నేటి జగిత్యాల ప్రాంత రైతుకు పొలాస పరిశోధన స్థానం విడుదల చేసిన వరి వంగడం, ఉల్లికోడు నివారణ, మార్కెట్ ధర గుర్తుకు వస్తాయి. నిజాం పాలనలో ఆ రైతు తాతముత్తాతలకు అంతకంటే ముందుగా కావలసింది మరొకటి ఉండేది. అది తమపై జరిగే వెట్టి, అక్రమ వసూళ్లను తమ భాషలో రాసే పత్రిక. ఆ పనికి పూనుకున్న వారిలో అగ్రగణ్యులు సురవరం ప్రతాపరెడ్డి. కవి, కథకుడు, పాత్రికేయుడు ముగ్గురూ ఆయనలో కలిసి ఉండేవారు.

ప్రతాపరెడ్డి 1896 మే 28న నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని బోరవెల్లిలో జన్మించారు. స్వగ్రామం ఇటిక్యాలపాడు. మద్రాసులో న్యాయశాస్త్రం చదివారు. హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ బాధ్యతలు చూస్తూనే 1926 మే 10న గోలకొండ పత్రికను ప్రారంభించారు. అంతకు నాలుగేళ్ల ముందే నల్లగొండ నుంచి నీలగిరి, ఇనుగుర్తి నుంచి తెలుగు పత్రిక వెలువడినా దీర్ఘకాలం నిలదొక్కుకోలేకపోయాయి. కచేరీలు, కోర్టుల్లో ఉర్దూ చెల్లుబాటయ్యే రోజులవి. కాగితం మీద ఏముందో తెలియకుండానే రైతు వేలిముద్ర వేయవలసి వచ్చేది. అటువంటి కాలంలో వారానికి రెండుసార్లు తెలుగు పత్రికను వెలువరించడం సామాన్యమైన విషయం కాదు.

నేటి అర్థంలో వ్యవసాయ శీర్షికలు అప్పుడు లేవు. పల్లె వార్త అంటే రైతు వార్తే. సంపాదకీయంలో సూటిగా అనలేనిది ఆయన కథలో అన్నారు. మొగలాయి కథల్లోని 'గ్యారా కద్దూ బారా కొత్వాల్' ఇందుకు చక్కని నిదర్శనం. పదకొండు గుమ్మడికాయలకు పన్నెండు మంది కొత్వాళ్లని ఆ మాటకు అర్థం. పండించిన వాడికి ఒక్క కాయ మిగలకపోగా ఇంకా ఒకటి బాకీ పడతాడన్నమాట! పన్నులు, మామూళ్ల భారంపై ఎన్ని వ్యాసాలు రాసినా ఆ ఒక్క లెక్క చెప్పినంతగా చెప్పలేవు. అధికారుల ఆగడాలను నవ్విస్తూనే ఎండగట్టడం ఈ కథల ప్రత్యేకత.

పద్యరచనలోనూ చేయి తిరిగిన ప్రతాపరెడ్డి కవిత్వానికి చేసిన పెద్ద సేవ మాత్రం తన సొంత పద్యాలతో కాదు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న ఆక్షేపణకు బదులుగా 354 మంది కవుల రచనలు సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. వాదనకు దిగకుండా పేర్లు, ఊర్లు, పద్యాలతో జవాబివ్వడం విలేకరి పద్ధతే.

ఈ ప్రాంతానికీ ఆ ఉద్యమంతో సంబంధం ఉంది. 1930లో జోగిపేటలో జరిగిన తొలి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు ప్రతాపరెడ్డి అధ్యక్షులు కాగా, నాలుగో మహాసభ 1935లో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన సిరిసిల్లలోనే జరిగింది. అప్పటికి సిరిసిల్ల, జగిత్యాల రెండూ కరీంనగర్ జిల్లాలోనివే.

1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర ఆయన రచనలన్నింటిలోకి ప్రసిద్ధమైనది. రాజుల యుద్ధాలను పక్కన పెట్టి, సామాన్యులు ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏం పండించారు, ఏ ఆటలు ఆడారు అన్నవి కావ్యాల నుంచి ఏరి కూర్చారు. హంసవింశతి, శుకసప్తతి వంటి గ్రంథాలను శృంగారం కోసం చదివేవారే ఎక్కువ. ఆయన వాటిలో కాపుల ఇళ్లను, వృత్తులను, పనిముట్లను వెదికారు. పల్లె గురించి ఇరవై ఏళ్లకు పైగా రాసిన చేయి కనుకనే పాత కావ్యాల్లోనూ పల్లె కనిపించింది.

1952లో వనపర్తి నుంచి హైదరాబాద్ శాసనసభకు ఎన్నికైన ప్రతాపరెడ్డి 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. తెలుగులో ఆ పురస్కారం పొందిన తొలి గ్రంథం అదే. హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టే బిల్లును తెలంగాణ శాసనసభ 2025 మార్చిలో ఆమోదించింది.